జొన్నవాడ దగ్గర వదిలేసిన కుక్క

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, మా ఆయన మా కుక్క నల్లోడిని బండి మీద తీసుకెళ్ళి జొన్నవాడ దగ్గర పెన్న ఒడ్డున వదిలేసి వచ్చాడు. కుక్కలకేసే టీకా సీసా మీద ‘కరోనా’ అని ఉన్న ఫొటో ఎవరో వాట్సాప్‌లో పంపారు. ఇంట్లో మా అత్తకి షుగరు, ఆయాసం. “గుడికాడైతే ఎవురో ఒకరు ఇంత అన్నం పెడతార్లే” అన్నాడు. అప్పుడు నాలుగో తరగతిలో ఉన్న మా పిల్లోడికి, తాతోళ్ళ ఊళ్ళో తోట కాపలాకి ఇచ్చామని నేనే చెప్పాను. తర్వాత వాడికి నిజం తెలిసింది. మా అత్త 2021 మేలో కరోనాతోనే పోయింది. ఇప్పుడు వాడు పదో తరగతి. అవసరానికి తప్ప తండ్రితో మాట్లాడడు. పోయిన వారం బడికాడి నుంచి ఒక కుక్కపిల్లని తెచ్చాడు. “అది ఈ ఇంట్లో ఉంటే నేనుండను” అంటున్నాడు మా ఆయన. కుక్కల వల్ల కరోనా రాదని ఫోన్లో చూపిస్తే ఫోను విసిరికొట్టాడు. నేనేం చేసేది?

జవాబు: అమ్మా, ముందు జబ్బు సంగతి తేల్చేస్తాను. ఆ సీసా ఫొటో దొంగది కాదు. అందుకే అంతమంది నమ్మారు. కుక్కపిల్లలకు విరేచనాలు పట్టించే కరోనా ఒకటుంది. దాని టీకా 2019కి ఎంతో ముందు నుంచీ ఉంది. మనుషుల్ని పట్టుకున్న కోవిడ్‌కీ దానికీ ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు. కోవిడ్ కూడా కుక్కలకూ పిల్లులకూ అక్కడక్కడా సోకింది, ఎక్కువగా వాటిని సాకే మనుషుల దగ్గర్నుంచే. 2021 మేలో హైదరాబాదు జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ తేలింది. బోనులో ఉన్నవి అవి, బయట తిరిగింది మనుషులు. పెంపుడు కుక్కల వల్ల కోవిడ్ జనంలో వ్యాపించిందనడానికి ఆధారం లేదు. నల్లోడి వల్ల మీ అత్తగారికి వచ్చిన ముప్పేమీ లేదు.

ఈ మాటే మీరు ఫోన్లో చూపించారు. ఆయన ఫోను విసిరికొట్టారు. ఎందుకో ఒక్కసారి ఆయన పక్కన కూర్చుని చూడండి. తల్లిని కాపాడుకోవాలని ఆయన కుక్కను వదిలేశారు. ఏడాది తిరగ్గానే తల్లి ఆ జబ్బుతోనే పోయింది. ఇప్పుడు ‘కుక్క వల్ల కాదు’ అని ఒప్పుకుంటే, ఆ వెంటనే ఇంకో ప్రశ్న లేస్తుంది: మరి ఇంట్లోకి ఎవరు తెచ్చారు? పనికని, సరుకులకని గడప దాటింది చాలా ఇళ్ళలో మగవాళ్ళే. ఆయన ఈ ప్రశ్నతో ఎన్ని రాత్రులు పడుకోలేదో మీకు తెలియకపోవచ్చు. కుక్కలు ప్రమాదం అన్న నమ్మకం ఆయనకు ఒక గోడ లాంటిది. మీరు దాన్ని పడగొట్టబోయారు. దాని వెనక ఆయన తల్లి శవం ఉందమ్మా.

కాబట్టి వీడియోలూ వార్తలూ ఇక చూపించకండి. ఆ మే నెల గురించి అడగండి. అత్తగారిని ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళారు, ఆఖరి చూపు దక్కిందా, ఆయన అప్పుడు ఏం అనుకున్నారు. ఆ రోజుల్లో జబ్బు ఎవరి నుంచి ఎవరికి అంటిందో డాక్టర్లకే తెలియలేదని, మీరు ఆయన్ని ఏనాడూ తప్పు పట్టలేదని నోరు తెరిచి చెప్పండి. మనసులో ఉంటే చాలదు.

ఆయన భయాన్ని నేను తీసిపారెయ్యను. రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది మన నెల్లూరులోనే, 2020 మార్చిలో. ఆ రోజుల్లో నేనూ ఒక మెసేజ్ నమ్మి, కోడికూర తినొద్దని నలుగురికి ఫోన్ చేసి చెప్పాను. అలాంటి మాటల వల్ల ఎంతమంది కోళ్ళ రైతులు కూలిపోయారో తర్వాత తెలిసి ఏడ్చాను. భయం తప్పు కాదు. ఎవరినడిగాం అన్నదే చూసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మీ కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళు చచ్చిపోతే శాంపిళ్ళు భోపాల్ ల్యాబ్‌కి వెళ్ళాయి. బర్డ్ ఫ్లూ అని ఖాయమయ్యాక పశుసంవర్ధక శాఖ వాళ్ళు వచ్చి చుట్టుపక్కల చికెన్ షాపులు మూయించారు. అలా తేలినప్పుడు జీవాల్ని వదులుకోక తప్పదు. నల్లోడి విషయంలో పశువుల డాక్టరుకి ఒక్క ఫోన్ కూడా వెళ్ళలేదు.

ఇక మీ సంగతి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను: “తోట కాపలాకి ఇచ్చామని నేనే చెప్పాను.” పిల్లాడి కోపమంతా తండ్రి మీదే అనుకుంటున్నారు మీరు. నేనలా అనుకోను. వాడు ఎన్ని సెలవులకి తాతగారి ఊరెళ్ళి ఆ తోటలో నల్లోడి కోసం వెతికాడో అడిగారా? నాన్న కుక్కను తీసుకెళ్ళాడు, అమ్మ అబద్ధం చెప్పింది. వాడి లెక్కలో రెండూ ఉన్నాయి. ముందు మీ వంతు మీరు తీర్చండి. “భయపడి నీకు అబద్ధం చెప్పాను నాయనా, తప్పు నాదే” అనండి. నాన్నను వెనకేసుకు రావద్దు, ఆయన మీద నెట్టొద్దు.

ఆయన మనసు కాస్త కుదుటపడ్డాక, ఒక ఆదివారం కొడుకుని అదే బండి మీద జొన్నవాడ తీసుకెళ్ళమనండి. ఎక్కడ దించారో చూపించమనండి. గుడికాడ అన్నం దొరుకుతుందనుకున్నానని, లాక్‌డౌన్‌లో గుడే మూసి ఉందని అక్కడికెళ్ళాక గాని తెలియలేదో, తెలిసీ వదిలారో, అదంతా తన నోటితోనే చెప్పనివ్వండి. మీరు వెంట వెళ్ళొద్దు. వాడు అరిస్తే అరవనివ్వండి. పెన్న ఒడ్డున వినేవాళ్ళెవరూ ఉండరు.

కుక్కపిల్ల గురించి: కుక్కల నుంచి భయపడాల్సింది రేబిస్‌కి. అది మాత్రం ప్రాణం తీసేదే, టీకాతో ఆగేదీ అదే. పిల్లకి మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రిలో టీకా వేయించండి, డాక్టరు చెప్పినట్టు మళ్ళీ ఏటా వేయించండి. టీకా వేయించినా సరే, అది కరిచినా, గోరు గీరినా, పంపు కింద సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే సర్కారు ఆస్పత్రికి పంపండి. కారం, సున్నం లాంటివి పుయ్యొద్దు.

ఇంత చేసినా, కుక్కను చూస్తూ ఆ ఇంట్లో ఉండలేనని ఆయన అనవచ్చు. అప్పుడు బలవంతం చెయ్యకండి, దానికి వేరే ఇల్లు వెతకండి. అయితే పట్టపగలు ఇవ్వండి, మీవాడి చేతుల మీదుగా ఇవ్వండి. ఎవరింట్లో ఉంటుందో, ఏ గిన్నెలో అన్నం పెడతారో వాడు కళ్ళారా చూసి రావాలి.