మా పాప కుడివైపు పాలు ఎందుకు తాగలేదంటే

మీ బాబుకి 19 రోజులు, ఒక పక్కే తాగుతున్నాడు, రెండో పక్క పెడితే ఏడుపు, అత్తగారేమో పాలు చాలట్లేదు డబ్బా పాలు పట్టమంటున్నారు, నీళ్లు పోసే ఆవిడ గట్టిగా నలిపితే మంచిదేనా అని కదండీ అడిగారు. మూడేళ్ల క్రితం మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు.

మా పాప ఎడమవైపు బాగానే తాగేది. కుడివైపు పెడితే ఒళ్లు విల్లులా వంచేసి గుక్కపట్టి ఏడ్చేది. "ఆ పక్క పాలు పడలేదు" అని అందరూ తేల్చేశారు. నేనూ నమ్మి నాలుగు రోజులు డబ్బా పాలు పట్టాను. దాంతో ఆ పక్క నిజంగానే పాలు తగ్గాయి. బిడ్డ తాగేకొద్దీ ఊరతాయి, మానేస్తే తగ్గుతాయి. ఆ ముక్క నాకప్పుడు ఎవరూ చెప్పలేదు.

14వ రోజున తూకం చూడ్డానికొచ్చిన ఆశా వర్కర్ పాపని చూసి, "ఎప్పుడూ ఇటే చూస్తుందా?" అంది. నిజమే, ఎప్పుడూ కుడివైపుకే. మెడ ఎడమకి తిప్పడం దానికి కష్టం. కుడి రొమ్ముకి మామూలుగా ఒళ్లో పడుకోబెడితే తల ఎడమకే తిప్పాలి కదా! "చంకన బిందె పెట్టుకున్నట్టు పట్టుకోమ్మా, కాళ్లు నీ వెనక్కి పోవాలి" అని చూపించింది. మెడకి అరచేతి ఆసరా ఇచ్చి, చనుమొన పై పెదవికి తగిలిస్తే ఆవలించినంత నోరు తెరిచింది. అప్పుడు పిల్లని దగ్గరికి తేవాలి, మనం వంగకూడదు. గడ్డం రొమ్ముకి ఆనాలి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. కాసేపటికి గుటక వినపడింది. నాకు ఏడుపొచ్చేసింది.

తర్వాత పిల్లల డాక్టరు మెడ చూసి, ఒక పక్క కండరం బిగుసుకుందని ఫిజియోథెరపీకి పంపారు. మీరూ ఒకసారి చూపించండి, నాలుక కింద తీగ బిగుతుగా ఉందేమో కూడా చూస్తారు.

ఇక నలుగు. మా మామ్మ పెరట్లో పీటేసుకుని, కొబ్బరి డొక్కల పొయ్యి మీద నీళ్లు కాచి, కాళ్ల మీద వేసుకుని పోసేది. చేతులు, కాళ్లు లాగడం, ముక్కులో నూనె చుక్కలు, పాప రొమ్ములు పిండటం, అన్నీ ఉండేవి. వద్దంటే "నీకూ ఇలాగే పోశాను, ఏం పాడైపోయావు?" అనేది. ఆ మూడూ మాన్పించడానికి చిన్న యుద్ధమే చేశాను. ముక్కులో నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, పిండితే చీము పట్టొచ్చు. కొబ్బరినూనెతో మెల్లగా రాయడం మాత్రం మానలేదు. పాలు తాగాక కాసేపు ఆగి, అరచేతులు వెచ్చబెట్టుకుని, భుజాల నుంచి కిందికి. మొహం తిప్పేసుకున్నా, పిడికిళ్లు బిగించినా ఆ పూటకి చాలించేదాన్ని. బిగుసుకున్న మెడని మాత్రం ఇంట్లో ఎవరినీ లాగనివ్వకండి.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుని బట్టి తెలీదు. రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువసార్లు ఉచ్చ పోస్తున్నాడా, పుట్టినప్పటి బరువుకి మళ్లీ వచ్చాడా చూడండి. బరువు రాలేదని డాక్టరు పోతపాలు పట్టమంటే మొహమాటపడకుండా పట్టండి. మగతగా పడుండి తాగకపోయినా, జ్వరమొచ్చినా, ఉచ్చ తగ్గినా మాత్రం ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.

ఎల్లుండికి 21వ రోజు, ఆశా వర్కర్ ఇంటికి రావాల్సిన రోజే. ఆవిడ ముందే పాలు పట్టి చూపించండి, అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని.