పేద పిల్లలకి, వేరే వేరే భాషల పిల్లలకి ఆర్ట్ చెప్పే కెరీర్ ఎట్లుంటుంది?

బీఎఫ్ఏ (ఆర్ట్ డిగ్రీ) అయిపోయింది, ప్రైవేట్ స్కూల్ వద్దు, పల్లె బడుల్లో అందరికీ ఆర్ట్ చెప్పాలనుంది అన్నారు కదా. శ్రీకాళహస్తి, తిరుపతి వైపు బడుల్లో చాన్నాళ్లుగా డ్రాయింగ్ చెప్తున్నా కాబట్టి నాకు తెలిసింది చెప్తా. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ అనే సర్కారు పరీక్షలు, ఎండాకాలం టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగ్ ఇవన్నీ చేసి పెట్టుకోండి, డిగ్రీ ఉందిలే అని వదిలేయొద్దు. జీతం మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, 2009 విద్యాహక్కు చట్టంలోనే 6 నుంచి 8 తరగతుల దాకా ఉండే బడిలో 100 మంది పిల్లలు దాటితే ఆర్ట్ కి పార్ట్ టైమ్ వాళ్లు అని రాసుంది, ఇంక మీకే అర్థమవుతుంది.

క్లాసులో ఒకడి దగ్గర పెద్ద కలర్ బాక్స్, పక్కనోడి దగ్గర పెన్సిల్ ముక్క, తేడా అక్కడే మొదలవుతుంది. అందుకే నేను రంగులు కొనుక్కురమ్మని అసలు చెప్పను. మన కలంకారీ వాళ్లు చింతబరికెల బొగ్గుతోనే గీస్తారు, తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో పులియబెట్టి కసిమి (నలుపు తెప్పించే నీళ్లు) చేస్తారు, కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద అది పెట్టంగానే నల్లగా తిరుగుతుంది చూడండి, పిలకాయలు అరుపులే అరుపులు! కరక్కాయలో వగరు ఇనుముతో కలిసి నలుపు అవుతుందని సైన్సు కూడా అక్కడే చెప్పేయొచ్చు.

ఇంక అన్ని కల్చర్లు అంటే ఆగస్టు 15కి తలా ఒక రాష్ట్రం డ్రెస్ వేసి స్టేజీ ఎక్కించడం అనుకుంటారు, నాకైతే అది ఫొటోల కోసం చేసే పని. మీ క్లాసులోనే సుగాలీ తండా పాప ఉంటుంది, వాళ్ల అవ్వ అద్దాలు కుట్టిన రవిక తెమ్మనండి. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్ల చుక్కల ముగ్గు వేస్తుంది, ఉర్దూ మాట్లాడే పిల్ల గోరింటాకు డిజైన్ వేస్తుంది, రెండూ పక్కపక్కన గోడకి పెట్టి ఏది ఎట్లా మొదలైంది అని వాళ్లనే చెప్పమనండి, మీరు నోరు మూసుకుని వినండి (ఇదే కష్టం). తిరుపతి గంగమ్మ జాతర వేషాలు కూడా వదలొద్దు, తోటి (ఊరి పనివాడు) వేషం, దొర వేషం బొమ్మలు గీయిస్తే ఎవరు దొర, ఎవరు తోటి అనే మాట పిలకాయలే ఎత్తుతారు.

అలిపిరి దగ్గర టీటీడీ వాళ్ల శిల్ప కళాశాలలో కలంకారీ కూడా నేర్పిస్తారు, వీలైతే పోయి చూడండి. పరీక్షలు దగ్గరపడితే మీ పీరియడ్ మ్యాథ్స్ సార్ లాక్కుంటాడు, అది గ్యారంటీ, నేనైతే చుక్కల ముగ్గులో సిమ్మెట్రీ ఉంది సార్ అని హెడ్మాస్టర్ కి చూపించి సగమన్నా నిలుపుకుంటున్నా.