పెద్దక్కను అడుగుండ్రి: తెలుగు పేజీ చదివిన పోరడు

ప్రశ్న: అక్కా, మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. న్యూయార్క్‌ల ఉండే మా ఆడబిడ్డ 2005ల మా ఆయనకు గ్రీన్‌కార్డు దరఖాస్తు పెట్టింది. ఇన్నేండ్లకు అది కదిలింది. మే నెలల నలుగురం పోతున్నం. పెద్దోడికి పదహారేండ్లు, జిల్లా పరిషత్ హైస్కూల్ల మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసిండు. పేరుకు ఇంగ్లిషు మీడియమే గని, పుస్తకంల ఒక దిక్కు ఇంగ్లిషు, ఒక దిక్కు తెలుగు ఉంటది కదా, వాడు తెలుగు పేజీనే చదివిండు. స్పోకెన్ ఇంగ్లిషు సెంటరోళ్లు రెండు నెలలకు పాతిక వేలు అడుగుతున్నరు. ఆడబిడ్డేమో కొత్తగ వచ్చిన పిల్లలకు వేరే హైస్కూల్ ఉంది, అండ్ల వేద్దాం అంటది. అది చదువు రానోళ్ల బడా? ఫీజు ఎంత ఉంటది?
– ఒక తల్లి, హుజూరాబాద్ మండలం

జవాబు: చెల్లె, ముందుగాల ఆ పాతిక వేలు బీరువాల పెట్టి తాళం వెయ్యి. మా మరిది కొడుకును హన్మకొండల ఒక సెంటర్ల మూడు నెలలు తిప్పినం. ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టి తన పేరు, నాయన పేరు, నాయన చేసే పని గడగడ చెప్పుడు నేర్పిండ్రు. అక్కడికి పోయినంక వాళ్ల నాయన ఏం జేస్తడో ఒక్కలు అడుగలే. మొదటి రోజు వాణ్ని అడిగింది లాకర్ నంబరు. వాడు మళ్ల పేరు చెప్పిండు.

నేను అమెరికాల కొడుకు దగ్గరికి పోయి, ఇంట్ల ఊకె కూసోలేక, మీ ఆడబిడ్డ చెప్పినసొంటి బడిలనే ఆరేండ్లు పని చేసిన. క్లాసుల టీచర్ పక్కన సాయంగ ఉండేటోళ్లను అక్కడ ‘పారా’ అంటరు. అది చదువు రానోళ్ల బడి కాదు. ఇంగ్లిషు ఇంకా రానోళ్ల బడి. రెండింటికీ చానా ఫరక్ ఉంది. లెక్కల్ల చిచ్చరపిడుగులు, యుద్ధం వల్ల మూడేండ్లు బడి మొఖం చూడని పిల్లలు ఒకే బల్ల చుట్టూ కూసుంటరు. ఈ తీరు బడి న్యూయార్క్‌ల 1985ల, ఆ ఊరి క్వీన్స్ అనే దిక్కుల, లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ ఆవరణల మొదలైంది. తర్వాత అసొంటి సర్కారు బళ్లన్నీ కలిసి 2004ల ఇంటర్నేషనల్స్ నెట్‌వర్క్ అని ఒక సంస్థ అయినయి. అమెరికాకు వచ్చి నాలుగేండ్లు దాటొద్దు, ఇంగ్లిషు పరీక్షల వెనుకబడి ఉండాలె. గదే అర్హత. మన దగ్గర సీటుకు మార్కులు ఎక్కువ రావాలె, ఆడ తక్కువ రావాలె!

ముందు ఇంగ్లిషు నేర్చుకో, తర్వాత సైన్సు చెప్తం అని కూసోబెట్టరు. సైన్సు టీచరే ఇంగ్లిషూ నేర్పుతది. ఒక ముచ్చట చెప్త. పెద్దపల్లి దిక్కు పోరడు ఒకడు మూడు వారాలు నోరు తెరవలే. వాని బల్ల మీద బంగ్లాదేశ్ సిల్హెట్ పిల్లగాడు, ఈక్వడార్ పిల్ల, యెమెన్ పిల్ల. ఆ రోజు పాఠం నీళ్లు. మీ ఊర్ల నీళ్లు ఎట్ల ఆపుతరో బొమ్మ గీయుమన్నది టీచర్. మనోడు చార్టు గుంజుకొని చెరువు గీసిండు. కట్ట, తూము, కింద పొలాలు, మత్తడి. మత్తడి కింద ఇంకో చెరువు, దాని కింద ఇంకోటి. ‘మత్తడి’ అని తెలుగులనే రాసిండు. ఇంగ్లిషుల ఏమంటరని టీచర్ నన్ను అడిగితే, చెరువుగట్టు మీద పెరిగినదాన్ని, నాకే యాదికి రాలే. ఆమె నవ్వి, ఆ మాట అట్లనే ఉండనీ, అది ఏం పని చేస్తదో కింద రాయుమన్నది. వాడు రాసిండు: ‘మోర్ వాటర్ గో అవుట్. బండ్ నాట్ బ్రేక్.’ వ్యాకరణం లేకున్నా ముచ్చట మొత్తం అండ్లనే ఉంది. యెమెన్ పిల్ల తూము మీద వేలు పెట్టి ఏదో అడిగింది. వీడు చేతులతోటి, సగం మాటలతోటి చెప్పిండు. పన్నెండో తరగతిల అదే చెరువు మీద రిపోర్టు రాసి, టీచర్ల ముంగట నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పిండు. ఈ బళ్లల్ల చానా వాటిల, రాష్ట్రం పెట్టే రీజెంట్స్ పరీక్షల్ల ఇంగ్లిషు ఒక్కటి రాస్తరు, మిగతావాటి బదులు ఇసొంటి రిపోర్టులే.

ఫీజు లేదు. న్యూయార్క్ బళ్లల్ల 2017 నుంచి పగటి భోజనం కూడా అందరికీ ఉచితం. బీఫ్ ఉంటదా అని పిల్లగాడు అడిగి తెలుసుకోవాలె, అంతే. ఏ వీసా మీద వచ్చిండ్రని కూడా అడుగరు, ఆ సంగతి 1982లనే సుప్రీంకోర్టు తేల్చింది. మేల పోతే జూన్ ఆఖరుకు సెలవులు వస్తయి, సెప్టెంబర్‌ల కొత్త ఏడు మొదలైతది. దిగంగనే, కొత్త పిల్లలను బడిల చేర్పించే సర్కారు ఆఫీసు ఉంటది, ఫ్యామిలీ వెల్‌కమ్ సెంటర్‌కు పోండ్రి. ఆ బడే కావాలని అడుగుండ్రి, సీటుంటె ఇస్తరు.

ఆడ ఒక కాగితం ఇస్తరు, జాగ్రత్త. ఇంట్ల ఏ భాష మాట్లాడుతరు అని ఉంటది. మనోళ్లు పరువుకు పోయి ‘ఇంగ్లిషు’ అని రాస్తరు. అట్ల రాస్తె పిల్లగానికి పరీక్షా పెట్టరు, సాయమూ దొరకదు. భాష రాని పిల్లలను ఊకె క్లాసుల కూసోబెడితె చదువు చెప్పినట్టు కాదని 1974ల శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల కేసుల సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ సాయం మీ హక్కు. తెలుగు అని పెద్దగ రాయి. బడి నుంచి ఫోనొచ్చినా ‘తెలుగు’ అను, దుబాసీని కలుపుతరు. వాన్నే దుబాసీని చెయ్యకు. వాని మీద వచ్చిన ఫిర్యాదు వాడే నీకు తర్జుమా చేస్తె ఏం మిగుల్తది?

అక్కడ హైస్కూల్ అంటె తొమ్మిది నుంచి పన్నెండు. డిప్లొమాకు 44 క్రెడిట్లు, అంటె సబ్జెక్టులు పాసైతె వచ్చే పాయింట్లు, కావాలె. అందరు పది మెమో ఒక్కటే పట్టుకపోతరు. తొమ్మిదో తరగతి మార్కులు కూడా లెక్కకు వస్తయి గనుక, రెండేండ్ల మార్కులు సబ్జెక్టులవారీగ ఇంగ్లిషుల రాయించి హెడ్మాస్టర్ సంతకం, ముద్ర వేయించు. టీకాల కార్డు కూడా. పదకొండేండ్లు దాటినంక ఇంగ్లిషు కాని భాష నడిచే చోట ఉండి చదివినోళ్లకు ఆ భాష కింద క్రెడిట్లు ఇయ్యొచ్చని రూలుంది. అడుగుండ్రి. వాడు చదివిన తెలుగు పేజీ అక్కడ పనికొస్తది. ఒకవేళ మళ్ల పదిల కూసోబెట్టినా ఏడువకు, ఇరవై ఒకటి దాకా చదివే హక్కుంది.

కష్టం లేదని చెప్పను. తెలుగు పిల్లలు ఆ బడిల ఒకరిద్దరు కూడా ఉండకపోవచ్చు. నవంబర్‌ల నాలుగున్నరకే చీకటి పడుతది. ఆ టైముకే చుట్టాలొకాయన వచ్చి, పోరడు మా షాపుల రాత్రి కౌంటర్‌ల కూసుంటడా, ఖర్చులకు వస్తయి అంటడు. ఒద్దని చెప్పు. రాత్రి కౌంటర్‌ల ఉన్న పిల్లలు పొద్దుగాల బల్ల మీద తలపెట్టి పండుకునేది నేను దినాం చూసిన. మీ ఆయనకు కూడా ఇప్పుడే చెప్పి పెట్టు.

పోయేదాకా వానికి ఒకటే పని. పది బయాలజీ, సోషల్ పుస్తకాలు మళ్ల తీసి, తెలిసిన పాఠమే ఎదురు పేజీల ఇంగ్లిషుల చదువుమను, రోజుకు రెండు పేజీలు. ఆ పుస్తకాలు సూట్‌కేసుల పెట్టు. బరువెక్కువైతె మామిడి తొక్కు డబ్బా ఒకటి తీసెయ్యి. తొక్కు క్వీన్స్‌ల మనోళ్ల దుకాణాలుండే జాక్సన్ హైట్స్‌ల దొరుకుతది, ఆ పుస్తకాలు దొరకయి.