దానం చేయాల్సిన ఫౌండేషన్లు అప్పులెందుకు ఇస్తున్నాయి?

"ఫౌండేషన్ల పని గ్రాంట్లివ్వడం కదా, మరి లోన్లు, గ్యారంటీలు అంటూ బ్యాంకుల దారి పట్టాయేం?" అని అడిగారు. అలాంటి సాయం తీసుకున్న ఒక స్వచ్ఛంద సంస్థలో కొన్నేళ్లు లెక్కలు చూశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

అసలు తేడా వడ్డీలో లేదు. నష్టమొస్తే ముందుగా ఎవరి డబ్బు పోతుందన్నదే తేడా. మా సంస్థ వైద్య పరికరాలకు లోను అడిగితే, తాకట్టు లేదని బ్యాంకు ఫైలు తిప్పి పంపింది. తర్వాత ఒక ఫౌండేషన్, బాకీ వసూలు కాకపోతే అందులో కొంత భాగం వరకు తొలి నష్టం మాదేనని గ్యారంటీ పత్రం రాసిచ్చింది. అదే ప్రాజెక్ట్ రిపోర్టు, అదే బ్యాలెన్స్ షీటు. ఒక్క అంకె మారలేదు, కానీ లోను మంజూరైంది. ఆ రోజు ఫౌండేషన్ ఖాతాలోంచి పైసా కదల్లేదు.

ఇదే ఏర్పాటు పెద్ద స్థాయిలో న్యూయార్క్‌లో జరిగింది. రైకర్స్ ఐలాండ్ జైలు నుంచి విడుదలైన కుర్రాళ్లు మళ్లీ అక్కడికి రాకుండా చూసే కార్యక్రమానికి 2012లో గోల్డ్‌మన్ శాక్స్ అప్పిస్తే, బ్లూంబర్గ్ ఫిలాంత్రపీస్ 72 లక్షల డాలర్ల వరకు హామీ ఉంది. అనుకున్న ఫలితం రాక 2015లో ఆపేశారు. నష్టంలో ఎక్కువ భాగం ఫౌండేషనే మోసింది, ఫలితం వస్తేనే చెల్లించాలన్నది ఒప్పందం కాబట్టి నగరం చెల్లించాల్సిన అవసరం రాలేదు. బ్రిటన్‌లోని పీటర్‌బరో జైలు కథ వేరు. 2010లో మొదలైన ఆ సోషల్ ఇంపాక్ట్ బాండ్‌లో (ముందు పెట్టుబడిదారులు డబ్బు పెడితే, ఫలితం వచ్చాక ప్రభుత్వం తరఫున తిరిగి చెల్లించే ఒప్పందం) పెట్టిన సుమారు 50 లక్షల పౌండ్లలో ఎక్కువ శాతం ట్రస్టులు, ఫౌండేషన్లదే. మళ్లీ నేరం చేయడం 9 శాతం తగ్గడంతో 2017లో అసలుతోపాటు ఏటా 3 శాతం పైచిలుకు రాబడి చేతికొచ్చింది.

పన్ను చట్టం సంగతీ ఉంది. అమెరికాలో ప్రైవేట్ ఫౌండేషన్లు ఏటా ఆస్తిలో దాదాపు 5 శాతం సేవకు ఖర్చుచేయాలి. 1969 చట్టం ప్రకారం, సేవా లక్ష్యంతో ఇచ్చిన అప్పూ ఆ లెక్కలోకే వస్తుంది. తిరిగొచ్చిన అసలును మళ్లీ సేవకే పంచాలి. మరి మిగతా 95 శాతం? చాలాకాలం మామూలు మార్కెట్లోనే పడి ఉండేది. ఫోర్డ్ ఫౌండేషన్ 2017లో తన మూలనిధి నుంచి పదేళ్లలో 100 కోట్ల డాలర్లు, సమాజానికి మేలుతోపాటు రాబడీ ఇచ్చే పెట్టుబడులకు పెడతానన్నాక చర్చ వేడెక్కింది.

నా మట్టుకు గ్యారంటీయే వీటన్నిటిలో సులువైనది, ఉపయోగపడేది. బాండ్లకు పేరెక్కువ, లాయర్లకూ మదింపులకూ అయ్యే ఖర్చూ ఎక్కువే. మా చిన్న లోనుకే మూడునెలలకోసారి పంపే రిపోర్టులతో టెన్షన్ తప్పేది కాదు!

మా దగ్గర వైద్య సేవలకు ఫీజు వచ్చేది కాబట్టి వాయిదాలు కట్టగలిగాం. పేదలకు ఉచితంగా కోర్టు కేసులు నడిపే సంస్థకు వడ్డీ లేకుండా ఇచ్చినా ఆ అప్పు బరువే, తీర్చడానికి రాబడి ఎక్కణ్నుంచి వస్తుంది? అక్కడ అడగాల్సింది గ్రాంటే.