బ్రిటన్‌లో 11 ఏళ్ల పిల్లలకు పెట్టే ‘ఎలెవెన్ ప్లస్’ పరీక్షను రద్దు చేశారా?

పూర్తిగా రద్దు చేయలేదు. స్కాట్లాండ్, వేల్స్ ప్రభుత్వ బడుల్లో అది పోయింది గానీ ఇంగ్లండ్‌లో కొన్ని ప్రాంతాల్లోనూ, ఉత్తర ఐర్లండ్‌లోనూ అలాంటి ఎంపిక పరీక్షలు ఇప్పటికీ ఉన్నాయి.

కారణం, ఇంగ్లండ్‌లో ప్రభుత్వం కచ్చితమైన ఆదేశం ఇవ్వకపోవడమే. 1944 చట్టం తర్వాత సెకండరీ చదువు అందరికీ ఉచితమైంది. ఈ పరీక్షలో నెగ్గినవాళ్లు గ్రామర్ స్కూల్‌కి (పై చదువులకు సిద్ధం చేసే బడి), మిగతావాళ్లలో ఎక్కువమంది సెకండరీ మోడర్న్ స్కూల్‌కి (సాధారణ చదువు చెప్పే బడి) వెళ్లేవారు. పదకొండేళ్లకే పిల్లల దారి తేల్చేయడం అన్యాయమన్న విమర్శ పెరిగింది. దాంతో 1965లో లేబర్ పార్టీ విద్యామంత్రి ఆంథనీ క్రాస్‌లాండ్ అందరికీ ఒకే రకం బడి, అంటే కాంప్రిహెన్సివ్ స్కూల్ పెట్టేందుకు ప్రణాళికలు పంపమని సర్క్యులర్ ఇచ్చాడు. అది విన్నపమే, ఆజ్ఞ కాదు. స్థానిక సంస్థల్లో చాలావరకు మారాయి, కొన్ని నాన్చాయి. 1976లో చట్టంతో బలవంతపెట్టబోయారు గానీ, 1979లో కన్సర్వేటివ్‌లు గెలవగానే దాన్ని ఎత్తేశారు.

ఉదాహరణకు కెంట్ కౌంటీ. అక్కడ గ్రామర్ స్కూల్లో చేరాలంటే ఈనాటికీ ‘కెంట్ టెస్ట్’ అనే ఎంపిక పరీక్ష రాయాల్సిందే. ఇంగ్లండ్ మొత్తంలో ఇలాంటి గ్రామర్ స్కూళ్లు 163 మిగిలాయి. 1998 చట్టం కొత్తవి పెట్టకుండా ఆపింది, ఉన్నవాటిని ముట్టుకోలేదు.

గ్రామర్ స్కూళ్లను తగ్గించింది లేబర్ పార్టీ ఒక్కటే అనుకోవడం పొరపాటు. 1970-74 మధ్య విద్యామంత్రిగా ఉన్న కన్సర్వేటివ్ పార్టీ నాయకురాలు మార్గరెట్ థాచర్ 1965 నాటి ఆ సర్క్యులర్‌ను వెనక్కి తీసుకున్నా, కాంప్రిహెన్సివ్‌లుగా మార్చే ప్రతిపాదనల్లో అత్యధిక శాతం ఆమోదించింది ఆవిడే!