మన రాష్ట్రం పిల్లలు కాదంటే బాధ్యత తీరిపోదు

ప్రశ్న: ఒడిశాలోని రాయగడ స్టేషన్ దగ్గర మాకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. మూడు రోజుల క్రితం తెల్లవారుజామున పన్నెండేళ్ల పిల్లాడు, ఏడేళ్ల చెల్లెలు ప్లాట్‌ఫాం మీద ఏడుస్తూ కనిపించారు. ఇటుక బట్టీల పనికి పెద్దవాళ్లతో ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తూ నీళ్లకని దిగితే రైలు వెళ్లిపోయిందని వచ్చీరాని హిందీలో చెప్పాడు. డ్యూటీలో ఉన్న పోలీసుకి చెబితే, "మన రాష్ట్రం వాళ్లు కాదు, తిరుగు రైలెక్కించేయండి" అన్నాడు. మనసొప్పక ఇంటికి తెచ్చుకున్నాం. పాప అన్న చొక్కా అంచు పట్టుకునే నిద్రపోతోంది. మా మీదకి కేసేమైనా వస్తుందా? వాళ్ల వాళ్లు దొరక్కపోతే మేమే పెంచుకోవచ్చా?

జవాబు: రైలెక్కించకుండా చాలా మంచి పని చేశారు. పిల్లల రక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా బాలలే. ఏ రాష్ట్రం, ఏ భాష, ఆధార్ ఉందా అని ఆ చట్టం అడగదు. పిల్లలు రాయగడలో దొరికారు కనుక ఇవాళ వాళ్ల తిండి, నీడ, రక్షణ ఒడిశా ప్రభుత్వం పూచీ.

అయితే ఒక్క పూట కూడా ఆలస్యం చేయకండి. తప్పిపోయిన పిల్లలు కనిపిస్తే 24 గంటల్లో తెలియజేయాలని సెక్షన్ 32 చెబుతోంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీరు మొదటి రోజే పోలీసుకి చెప్పారు కాబట్టి భయపడొద్దు. కానీ ఏ రోజు, ఎన్ని గంటలకు చెప్పారో కాగితం మీద పెట్టండి. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, పిల్లల్ని జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లండి. కమిటీ ఆ రోజు కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు.

వాళ్లను సొంత జిల్లాకి పంపడమూ కమిటీ పనే. సెక్షన్ 95 కింద విచారణ జరిపి, పోలీసు తోడుతో అక్కడి కమిటీకి అప్పగించాలి. ఆడపిల్ల వెంట మహిళా పోలీసు ఉండాలి. ఒంటరిగా రైలెక్కించే పద్ధతి ఎక్కడా లేదు.

వాళ్ల భాష తెలిసిన మనిషిని పిలిపించమని గట్టిగా అడగండి. నేను చూసిన ఒక కేసులో పిల్లాడు చెప్పిన ఊరిని, రాసుకున్నవాళ్లు తమకు తెలిసిన మరో ఊరిగా రాసేశారు. ఆ ఒక్క పొరపాటుతో తల్లి కోసం వేరే జిల్లాలో నెలల తరబడి వెతికారు. పిల్లాడి దగ్గరున్న సంచీ, టికెట్ ముక్క ఏదీ పారేయకండి. పనికి తీసుకెళ్లిన మేస్త్రీ పేరు గుర్తుంటే అదే అన్నిటికన్నా పెద్ద ఆధారం. ఫొటోలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని సెక్షన్ 74 నిషేధించింది.

పెంచుకునే మాట ఇప్పుడు వద్దు. ఆ తల్లి ఏదో బట్టీ దగ్గర వీళ్ల కోసం గుండెలు బాదుకుంటూ ఉంటుంది. విచారణ అయ్యేదాకా మీ దగ్గరే ఉంచాలనుకుంటే, పిల్లల్ని కొన్నాళ్లు చూసుకోవడానికి తగిన వ్యక్తిగా (ఫిట్ పర్సన్) గుర్తించమని కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. ఒప్పుకోవాలో లేదో వాళ్లిష్టం. బాలురకీ బాలికలకీ హోంలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, అన్నాచెల్లెళ్లను విడదీయొద్దని అదే అర్జీలో అడగండి. చొక్కా అంచు సంగతి నాకు రాసినట్టే అందులోనూ రాయండి.