సింహచర్మం కప్పుకున్న వజ్రపాణి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. గ్రీకు శిల్పంలోనూ తొలినాటి బౌద్ధ శిల్పంలోనూ కనిపించే ఉమ్మడి గుర్తుల మీద రాయాలనుకోవడం బాగుంది, చదివించే గుణం కూడా ఉంది. కానీ మొదటి పేజీలోనే అలెగ్జాండర్‌ని దింపి, అక్కడి నుంచి ప్రతి పువ్వునీ ప్రతి బట్ట మడతనీ ఆయన ఖాతాలో రాసుకుంటూ పోయావు. ముందు ఆ లెక్క సరిచూసుకో. అలెగ్జాండర్ పంజాబ్ దాకా వచ్చి వెనుదిరిగింది క్రీ.పూ. 326లో. నువ్వు ఫొటోలు పెట్టిన గాంధార (నేటి పెషావర్ ప్రాంతం) శిల్పాలు చాలావరకు క్రీ.శ. 1 నుంచి 3వ శతాబ్దం దాకా చెక్కినవి, అంటే కుషాణుల కాలం. తక్కువలో తక్కువ మూడొందల ఏళ్ల ఎడం. ఆ మధ్యలో బాక్ట్రియా (నేటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం) గ్రీకు రాజులు ఏలారు, శకులు వచ్చారు, పార్థియన్లు వచ్చారు, రోముతో వర్తకం పెరిగింది. ఇదంతా చెప్పకపోతే, అలెగ్జాండర్ గుర్రం దిగగానే ఉలి పట్టుకున్నాడని పాఠకుడు అనుకుంటాడు.

నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేసిన వజ్రపాణి (బుద్ధుడి వెంట ఉండే యక్షుడు) దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న గాంధార శిల్పం ముక్క అది. ‘హెరాక్లిస్‌లా ఉన్నాడు’ అని రాసి ముందుకెళ్లిపోయావు. ఎలా ఉన్నాడో చెప్పవేం? సింహం తలకాయనే తల మీదుగా కప్పుకున్నాడు. దాని పంజాలు రెండూ ఛాతీ మీద ముడేసి ఉన్నాయి. నెమియా సింహాన్ని చంపి దాని తోలు ఒంటిమీద వేసుకున్న గ్రీకు వీరుడు హెరాక్లిస్ వేషం ఇది, గ్రీకులెవరైనా ఇట్టే గుర్తుపడతారు. అయితే చేతిలో ఉండాల్సిన దుడ్డుకర్ర లేదు. దాని బదులు వజ్రాయుధం పట్టుకున్నాడు.

ఇక్కడే అసలు ప్రశ్న అడగాలి: ఆ శిల్పికి ఈ వేషంతో ఏం పని పడింది? పాలి బౌద్ధ గ్రంథం దీఘనికాయంలోని అంబట్ఠ సుత్తం ఒకసారి చదువు. బుద్ధుడు అడిగినదానికి అంబట్ఠుడనే బ్రాహ్మణ యువకుడు జవాబివ్వకుండా బిగుసుకుని కూర్చుంటాడు. అప్పుడు వజ్రపాణి యక్షుడు మండుతున్న ఇనప వజ్రంతో సరిగ్గా అతని నెత్తి మీద ఆకాశంలో నిలబడతాడు. మూడోసారి అడిగినా నోరు విప్పకపోతే తల ఏడు ముక్కలవుతుంది. ఆ యక్షుడు బుద్ధుడికీ అంబట్ఠుడికీ తప్ప ఇంకెవరికీ కనబడడు. కథలో వజ్రపాణి పని అదీ: పక్కనే ఉండి కాపు కాసే మహాబలుడు. మరి అటువంటివాణ్ణి రాతిలో చూపించడం ఎలా? బాక్ట్రియా రాజు యూథిడెమస్ నాణేల మీద హెరాక్లిస్ దుడ్డుకర్రతో బండ మీద కూర్చుని ఉంటాడు. ఆ ప్రాంతంలో బలవంతుడంటే ఎలా ఉండాలో తరతరాలుగా జనానికి తెలుసు. శిల్పి ఆ రూపాన్ని తెచ్చి బుద్ధుడి కొలువులో ఉద్యోగం ఇచ్చాడు. అఫ్గానిస్తాన్‌లో హడ్డా దగ్గర తెపె షోతోర్ విహారంలోనూ ఇలాంటి వజ్రపాణే బుద్ధుడి పక్కన కూర్చుని ఉండేవాడు. యుద్ధాల్లో ఆ విహారం ధ్వంసమైంది, ఫొటోలే మిగిలాయి.

‘ఎవరి దగ్గర్నుంచి ఎవరు తీసుకున్నారు’ అనే తగువులో నువ్వు దూరొద్దు. బుద్ధ విగ్రహం గ్రీకుల చలవేనని ఫ్రెంచి పండితుడు ఫూషే అంటే, దాని మూలాలు ఇక్కడి యక్ష విగ్రహాల్లో ఉన్నాయని 1927లో కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి వాదించాడు. ఇద్దరినీ చదువు. కానీ నీ వ్యాసాన్ని ఎవరి పక్షాన కోర్టు పిటిషన్‌లా మాత్రం రాయకు. మనవాళ్లు గొప్పవాళ్లని నిరూపించాలన్న టెన్షన్ నీ మూడో పేజీలో బాగా కనిపిస్తోంది.

బోధ్‌గయ ప్రాకారం మీద సూర్యుణ్ణి చూడు. నాలుగు గుర్రాలు, రెండు అటు, రెండు ఇటు విడిపోయి, రథం మనకేసే వస్తున్నట్టు ఉంటుంది. ఋగ్వేదంలో సూర్యుడి గుర్రాలు ఏడు. నాలుగు గుర్రాలతో ఇలా ఎదురుగా వచ్చే పద్ధతి గ్రీకుల సూర్యదేవుడు హీలియోస్‌ది, బాక్ట్రియా రాజు ప్లేటో నాణెం మీద ఉంది. కానీ అటూ ఇటూ విల్లు ఎక్కుపెట్టి చీకటిని తరుముతున్న ఇద్దరు స్త్రీలున్నారే, వాళ్లు హీలియోస్ వెంట వచ్చినవాళ్లు కారు, మన వేకువ దేవతలు ఉష, ప్రత్యూష. ఒకే రాతిలో రెండు ఊళ్ల సంగతులు. ఈ స్త్రీల ఊసు నీ వ్యాసంలో లేనే లేదు.

స్వస్తిక గురించి రాసిన పేరా మొత్తం తీసెయ్. క్రీ.పూ. 8వ శతాబ్దపు గ్రీకు కుండల మీద స్వస్తిక ఉంది, అమరావతి బుద్ధపాదాల మీదా ఉంది, నిజమే. దానికి ఎంతో ముందే సింధు ముద్రల మీదా ఉంది. నాలుగు గీతలు గీసి కొసలు మడవడానికి ఎవరికీ గురువు అక్కర్లేదు. గుర్తు ఎంత తేలికైనదైతే, పోలిక చూసి చుట్టరికం కలపడానికి అంత జంకాలి. సింహచర్మం పంజాల ముడి సంగతి వేరు, అది రెండుచోట్ల దానంతటది పుట్టదు.

ఇండో-గ్రీకు రాజు మెనాండర్ నాణెం పేరా మాత్రం ఉంచు, ఇంకాస్త పెంచు. ఒకవైపు ఎనిమిది ఆకుల (చువ్వల) చక్రం, చుట్టూ గ్రీకు అక్షరాలు. రెండోవైపు గ్రీకుల విజయచిహ్నమైన ఖర్జూరపు మట్ట, చుట్టూ ఖరోష్ఠి లిపి. అది ధర్మచక్రమే అయ్యుండొచ్చు, చక్రవర్తి చక్రమూ అయ్యుండొచ్చు. ‘మెనాండర్ బౌద్ధుడు కాబట్టి’ అని నువ్వు ఖాయం చేసేశావు. బౌద్ధుడు దాన్ని ధర్మమనీ, గ్రీకు సిపాయి గెలుపనీ చదువుకునే వీలుందంటే, నాణెం వేయించిన రాజుకి అంతకంటే ఏం కావాలి? అలా రాయి.

అమరావతిని చివర్లో హడావుడిగా తెచ్చి అతికించావు. అక్కడ స్తూపం ప్రాకారం పైవరస బయటివైపు, మనుషులు మోస్తున్న పొడవాటి పూలదండ అలల్లా సాగిపోతుంది. గాంధారలో ఇలాంటి దండనే చిన్నపిల్లలు మోస్తారు, రోమన్ శవపేటికల మీద రెక్కల పిల్లలు మోస్తారు. పోలిక మీద పాఠకుడికి నమ్మకం కుదరాలంటే తేడాలు కూడా నువ్వే చూపించాలి: మోసేది ఎవరు, దండ ఎంత లావు, ఒంపుల్లో ఏముంది. ఆ రాళ్లు లండన్‌లోనూ ఉన్నాయి, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ ఉన్నాయి. నీకు చెన్నై దగ్గర కాబట్టి వెళ్లి ఒక్క రాయి ముందు నిలబడి నోట్సు రాసుకో. తక్కినవి తర్వాత చూడొచ్చు.

తిరగరాసి పంపు. ఈసారి ఫొటోలు జత చేయకు.